ఇంజను అందుకునేలోపు

జూన్ 15. ఇంకా పూర్తిగా తెల్లవారలేదు. ఏప్రిల్ 15న మొదలైన 61 రోజుల వేట నిషేధం రాత్రితో తీరిపోయింది. అనకాపల్లి జిల్లా పూడిమడక ఒడ్డున ఒక ఫైబర్ తెప్ప బయల్దేరడానికి సిద్ధంగా ఉంది. నడుం లోతు నీళ్లలో తెప్ప ముక్కు పట్టుకుని పెద్దాయన. వెనక ఇంజను దగ్గర అల్లుడు. అటూ ఇటూ తోసేవాళ్లు.

"తోసేమంటావా, మావా?"

"ఉండెహె. ఇదవనీ."

నైరుతి రుతుపవనాల రోజులు. దక్షిణ హిందూ మహాసముద్రంలో పుట్టిన అలలు ఈ నెలల్లో మన తీరానికి బరువుగా చేరతాయి. జట్టుగా వస్తాయి. కొన్ని పెద్దవి విరిగాక సముద్రం కాసేపు నెమ్మదిస్తుంది. పెద్దాయన ఎదురుచూస్తున్నది ఆ సందు కోసమే. లోతు తగ్గిన చోట అల విరుగుతుంది కనుక, నీళ్ల కింద ఇసుక మేట ఎక్కడుందో నురగే చెబుతుంది. నిషేధానికి ముందు చూసిన చోట ఆ మేట ఇప్పుడు ఉంటుందన్న నమ్మకం లేదు.

మోటారు ఉందిగా, భయమేమిటని చూసేవాళ్లకు అనిపిస్తుంది. అల విరిగే ఆ కొద్ది గజాల్లో మోటారు అక్కరకు రాదు. లోతు చాలకుండా మోటారు ఫ్యాను దింపితే ఇసుకకు కొట్టుకుంటుంది. నురగలో దింపితే పట్టు దొరకదు. అందాకా తెడ్లూ భుజాలే దిక్కు.

"ఇప్పుడు! తొయ్యండ్రా!"

తెప్ప కదిలింది. మొదటి నురగ తగలగానే ముక్కు పక్కకు లాగేసింది. అలకు అడ్డం తిరిగితే తెప్ప బోల్తా పడుతుంది, కింద మనిషి నలిగిపోతాడు. పెద్దాయన ఎక్కలేదు. భుజం ఆన్చి, పళ్లు బిగించి, ముక్కును మళ్లీ అలకు ఎదురు నిలబెట్టాడు. నీళ్లు గడ్డాన్ని తాకాకే అంచు పట్టుకుని లోపలికి దొర్లాడు.

"దింపు!"

అల్లుడు తాడు లాగాడు. అందుకోలేదు. ఎదురుగా మరో అల లేస్తోంది. మళ్లీ లాగాడు. ఇంజను దగ్గింది, ఆగింది, ఒక్కసారిగా అందుకుంది. అల విరగబోయే అంచుమీంచి ముక్కు ఆకాశంలోకి లేచి, అవతల దభీమని పడింది. వలలు జారాయి. మనుషులు నిలిచారు.

తోసినవాళ్లు అప్పటికే రెండో తెప్ప దగ్గరికి పరుగెత్తారు. ఈ నేర్పును మనం కూలిపనిగా చూస్తామంటే నాకు మనసు కలుక్కుమంటుంది. తిరుగుప్రయాణం ఇంకా కష్టం. చేపల బరువుతో, వెనకనుంచి తరిమే అలను మీదికి రానివ్వకుండా, ముందెళ్లే అలను దాటిపోకుండా, దాని వీపు మీదే ఒడ్డుకు రావాలి. ఇసుక తగిలేలోపు అల్లుడు ఫ్యాను పైకెత్తాలి.