క్లోమం నేర్పిన కుక్కలు

నవంబరు 14 ప్రపంచ మధుమేహ దినం. ఇన్సులిన్ కనిపెట్టిన ఫ్రెడరిక్ బాంటింగ్ 1891లో పుట్టిన రోజది. మాది బనగానపల్లె. మామిడిపండు కోసి ముక్కలన్నీ మా ముందు పెట్టి, మధుమేహం ఉన్న మా నాయన టెంక చీకి లేచేవాడు. ఆ టెంకకైనా నోచుకున్నది ఇన్సులిన్ సూది పుణ్యమే.

ఆ సూది వెనక కత్తి పట్టిన చేతులున్నాయి. కత్తి పట్టే చేతికి ముందు సాధన కావాలని సుశ్రుతుడు ఏనాడో చెప్పాడు. శిష్యుల చేత సొరకాయ, దోసకాయ కోయించాడు. చచ్చిన జంతువుల నరాల మీద నేర్పించాడు. ఆ తర్వాతి శతాబ్దాలు దాటేసి 1889కి వద్దాం. స్ట్రాస్‌బర్గ్‌లో మింకోవ్‌స్కీ, మేరింగ్ అనే వైద్యులు కుక్క క్లోమం తీసేస్తే దానికి మధుమేహం వచ్చింది.

నా మనసంతా 1921 వేసవి మీదే. టొరంటోలో బాంటింగ్ సర్జనే, కానీ క్లోమం ఆపరేషన్ కొత్త. మొదటి కుక్కకు ప్రొఫెసర్ మెక్‌లియాడ్ దగ్గరుండి చేసి చూపించాడు. ఆయన స్కాట్లండు వెళ్లాక మిగిలింది బాంటింగ్, 22 ఏళ్ల చార్లెస్ బెస్ట్. తొలి వారాల్లో చాలా కుక్కలు చచ్చిపోయాయి. క్లోమనాళానికి క్యాట్‌గట్‌తో వేసిన ముళ్లు నిలవకపోతే, మళ్లీ పొట్ట కోసి పట్టుదారంతో కట్టారు. చేయి అలా కుదిరింది. క్లోమం తీసేసిన మార్జొరీ అనే కుక్క, క్లోమం నుంచి వాళ్లు తీసిన మందుతో సుమారు 70 రోజులు బతికింది. అది బతికుండగానే, 1922 జనవరిలో, మధుమేహంతో ఉన్న 14 ఏళ్ల లెనార్డ్ థాంప్సన్‌కు ఆ మందెక్కించారు. మొదటి సూది సరిగా పనిచేయలేదు. జీవరసాయనవేత్త కొలిప్ శుద్ధిచేసిన మందుతో 23వ తేదీన పిల్లవాడు తేరుకోవడం మొదలైంది.

తర్వాత క్లోమం ఆపరేషన్ల కథ చిక్కుపడింది. 1994లో గాన్యే, పోంప్ అనే సర్జన్లు చిన్న రంధ్రాలగుండా క్లోమం తల తీసే శస్త్రచికిత్సను ప్రకటించారు. వెన్నలాంటి క్లోమాన్ని, సన్నని నాళాన్ని పేగుకు తెరమీద చూస్తూ కుట్టాలి. కుట్టు జారితే జీర్ణరసం లోపలే కారుతుంది. అందుకే మత్తిచ్చిన పందుల మీద సాధన. ఇప్పుడు కృత్రిమ కండ, కబేళా నుంచి తెచ్చిన అవయవాలు, రోబో సిమ్యులేటర్లు కూడా వచ్చాయి. కర్నూలు వైద్య కళాశాలలో చదివిన డి. నాగేశ్వర్ రెడ్డి హైదరాబాదులో పెంచిన ఎండోస్కోపీ, క్లోమం జబ్బులు కొన్నింటికి కత్తి అవసరమే లేకుండా చేసింది.

కేవలం చేతివాటం కోసం జంతువుల మీద ప్రయోగాలు సాధ్యమైనంతవరకు చేయవద్దని మన 1960 నాటి జంతువులపై క్రూరత్వ నిరోధక చట్టమే చెప్పింది. శిక్షణ ఇచ్చే పెద్దలకు నా మనవి: ముందు కృత్రిమ కండ, తర్వాత కబేళా అవయవం. అవి చాలవని తేలినప్పుడే, పూర్తి మత్తులో, బతికున్న పంది.