పండుగల ఫ్లాప్ పుస్తకాలు
పండుగల ఫ్లాప్ పుస్తకాలు ఇంకా చదవడం రాని పసిపిల్లల కొరకు తయారుచేసే బొమ్మల పుస్తకాలు. పుటపై ఒక అంచున అతికించిన అట్టముక్కను ఎత్తితే దాని క్రింద దాగిన బొమ్మ కనబడుతుంది. ఆంగ్ల చిత్రకారుడు ఎరిక్ హిల్ (1927–2014) 1980లో వెలువరించిన "వేర్ ఈజ్ స్పాట్?" ఈ పద్ధతికి బాగా ప్రాచుర్యం తెచ్చింది. అందులోని కుక్కపిల్ల స్పాట్ తొలి క్రిస్మస్ పుస్తకం 1983లో వచ్చింది. కానుక పొట్లం విప్పడం, అట్టముక్క ఎత్తడం ఇంచుమించు ఒకే పని గనుక పండుగ ఈ పద్ధతిలో చక్కగా ఇమిడింది.

తెలుగు పండుగలలో సంక్రాంతి ఇందుకు మిక్కిలి అనువైనది. హైదరాబాదులో హైటెక్ సిటీ ప్రక్కనే, మాదాపూర్‌లో ఉన్న శిల్పారామానికి సంక్రాంతి వేడుకలలో గంగిరెద్దులవారు, హరిదాసులు వస్తారు. చుట్టుపక్కల అపార్టుమెంట్లలో పెరిగే పిల్లలకు వారిని దగ్గరగా చూసే అవకాశం అక్కడ దొరుకుతుంది. అయితే హరిదాసు తలపైని అక్షయపాత్రలో బియ్యం పోయవచ్చును గాని, లోపలికి తొంగిచూడడం కుదరదు. పుస్తకంలో కుదురుతుంది. అట్టముక్కలు పిల్లల చేతుల్లో త్వరగా చిరిగిపోవడం వీటి ప్రధాన లోపం.