నోటిమాట నుండి తెరమీది అంగడి వరకు

అంగడి తెరచుట ఒక పని. అంగడి ఉన్నదని పదిమందికి తెలియజేయుట మరొక పని. ఊరి సంతలో ఈ రెండవ పని సులువు. మలారము విప్పినంతనే గాజుల సెట్టి చుట్టు జనము చేరుదురు. చుట్టుపట్ల గ్రామములకు కబురు అందవలెనన్నచో తప్పెట కొట్టి చాటింపు వేయించిన చాలును. కాని ఇంటిపట్టున ఆవకాయ పెట్టి అమ్ముకొను గృహిణికిగాని, ఏటికొప్పాకలో లక్కబొమ్మలు చేయు పనివానికిగాని, మంగళగిరిలో చీరలు నేయు కుటుంబమునకుగాని దూరపు కొనుగోలుదారు కంటబడు సంతవీధి ఎక్కడిది? నేడు ఇట్టివారు పలువురు తమ అంగడిని చేతి ఫోను తెరమీదికి ఎక్కించినారు. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, వాట్సాప్ వంటి సామాజిక మాధ్యమములే వారికి వీధి, వారికి చాటింపు.

ఈ మాధ్యమములు చిన్న అంగడికి ఎట్లు తోడ్పడుచున్నవి? ఎక్కడ చేయి విడుచుచున్నవి? దీనికి సమాధానము సగము యంత్రముల చరిత్రలో ఉన్నది. మిగిలిన సగము, మాట మనిషినుండి మనిషికి ఎట్లు ప్రాకునో తెలిసికొన్న శాస్త్రచరిత్రలో ఉన్నది. ఆ రెండవ చరిత్రయే ముందు పుట్టినది. కనుక దానితోనే ప్రారంభింతము.

మొక్కజొన్న రైతులు నేర్పిన పాఠము

అమెరికాలోని అయోవా రాష్ట్రమున 1928 ప్రాంతమున సంకరజాతి మొక్కజొన్న విత్తనము రైతులకు దొరకసాగినది. పాత విత్తనముకంటె దీని దిగుబడి ఎక్కువ. అయినను రైతులందరు ఒక్కమారుగా దానిని చేపట్టలేదు. ఎందుచేత? బ్రైస్ రయాన్, నీల్ గ్రాస్ అను ఇద్దరు సామాజిక శాస్త్రజ్ఞులు ఈ ప్రశ్నను పట్టుకొని రెండు ప్రాంతములలోని రైతులను విచారించి, తమ ఫలితములను 1943లో ప్రకటించినారు.

వారు లెక్కకు తీసికొన్న 259 మంది రైతులలో 1941 నాటికి ఇద్దరు తప్ప అందరును కొత్త విత్తనము వేసినారు. కాని తొలి అయిదేండ్లలో చేపట్టినవారు నూటికి పదిమంది మాత్రమే. ఆ తరువాత మూడేండ్లలో ఆ సంఖ్య నూటికి నలుబదికి ఎగబ్రాకినది. చివర మరల మందగించినది. దీనిని గ్రాఫు కాగితముమీద గీచినచో ఆంగ్లాక్షరము ‘ఎస్’ను ప్రక్కకు సాగదీసినట్టి వక్రరేఖ వచ్చును.

ఇంతకంటె ముఖ్యమైన సంగతి మరొకటి కలదు. ఈ విత్తనమును గూర్చి మీకు మొదట ఎవరు చెప్పినారని అడుగగా ఎక్కువమంది విత్తనపు కంపెనీల విక్రేతలను పేర్కొన్నారు. వేయవలెనని మిమ్ము ఒప్పించినదెవరని అడుగగా పొరుగు రైతులను పేర్కొన్నారు. విక్రేత తెలియజేయును, పొరుగువాడు నమ్మించును. తెలియుట వేరు, నమ్ముట వేరు అను ఈ భేదమును మనము గుర్తుంచుకొనవలెను.

ఎవరి మాట చెల్లును?

1945లో ఇల్లినాయ్ రాష్ట్రములోని డెకేటర్ పట్టణమున 800 మంది స్త్రీలను పరిశోధకులు ప్రశ్నించినారు. ఇంటి సరుకులు, దుస్తుల వాడుక, సినిమాలు, ప్రజావ్యవహారములు అను నాలుగు విషయములలో ఎవరి సలహాపై వారు మనసు మార్చుకొనిరో తెలిసికొనుట వారి ఉద్దేశము. ఎలీహు కాట్జ్, పాల్ లాజర్స్‌ఫెల్డ్ ఈ ఫలితములను 1955లో గ్రంథరూపమున వెలువరించినారు. పత్రికల మాట, రేడియో మాట నేరుగా అందరిని కదిలించుట లేదు. ముందు కొందరికి చేరి, వారి నోట తక్కినవారికి చేరుచున్నది. ఆ కొందరు ధనవంతులో పదవులలోనివారో కానక్కరలేదు. సరుకుల విషయమున పెద్ద సంసారమును ఈదుచున్న ఇల్లాలి మాట చెల్లినది. దుస్తుల విషయమున, సినిమాల విషయమున పడుచుల మాట చెల్లినది.

1973లో మార్క్ గ్రానోవెటర్ అను శాస్త్రజ్ఞుడు మరొక మెట్టు ఎక్కినాడు. బోస్టను నగర సమీపమున పరిచయస్థుల ద్వారా ఉద్యోగము సంపాదించినవారిని అతడు ప్రశ్నించినాడు. ఆ కబురు చెప్పిన పరిచయస్థుని తరచుగా కలిసికొనువారు నూటికి 17 మంది మాత్రమే. తక్కిన 83 మందికి ఆ కబురు అప్పుడప్పుడో, అరుదుగానో కనబడువారినుండి వచ్చినది. కారణము ఊహింపదగినదే. మన ఆత్మీయులకు తెలిసినది చాలవరకు మనకును తెలిసియే ఉండును. దూరపు పరిచయస్థుడు వేరొక గుంపులో తిరుగువాడు. అతడు రెండు గుంపుల నడుమ వంతెన వంటివాడు. చుట్టపక్కాలకే అమ్ముకొను అంగడి కొంతకాలమునకు ఎదుగుదల లేక ఏల ఆగిపోవునో దీనివలన మనకు బోధపడును.

తెరమీదికి అంగడి వచ్చుట

ఇక యంత్రముల సంగతి. 1979లో ఇంగ్లండులో మైకేల్ ఆల్డ్రిచ్ అను ఇంజనీరు ఇంటి టెలివిజనును టెలిఫోను తీగ ద్వారా కంప్యూటరుతో కలిపి, ఇంటినుండియే సరుకులు కోరు పద్ధతిని రూపొందించినాడు. 1984 మే నెలలో గేట్స్‌హెడ్ పట్టణమున 72 ఏండ్ల జేన్ స్నోబాల్ అను వృద్ధురాలు ఈ పద్ధతిని ఉపయోగించి టెస్కో దుకాణమునుండి మార్గరీను, కార్న్‌ఫ్లేక్స్, కోడిగ్రుడ్లు తెప్పించుకొన్నది. అంగడి ఇంటిలోనికి వచ్చినది. కాని అది పేరున్న పెద్ద అంగడి. ముక్కుమొగము తెలియని చిన్న విక్రేతను నమ్ముట ఎట్లు?

1995 సెప్టెంబరులో పియేర్ ఒమిడ్యార్ అమెరికాలో ఒక వేలము వెబ్‌సైటు ప్రారంభించినాడు. అదియే తరువాత ఈబే అను పేర ప్రసిద్ధి చెందినది. 1996 ఫిబ్రవరిలో అతడు అందులో కొన్నవారు, అమ్మినవారు ఒకరినిగూర్చి ఒకరు బాహాటముగా అభిప్రాయము వ్రాయు ఏర్పాటు చేసినాడు. అయోవా రైతుకు పొరుగువాడు చేసిన పనిని ఇచట ముఖపరిచయము లేని మునుపటి కొనుగోలుదారు చేసినాడు.

అదే ఏడాది జూలై 4న సబీర్ భాటియా, జాక్ స్మిత్ అనువారు హాట్‌మెయిల్ అను ఉచిత ఈమెయిలు సేవను ఆరంభించినారు. వాడుకరి పంపిన ప్రతి ఉత్తరము అడుగున, మీరును ఉచితముగా ఇట్టి ఈమెయిలు పొందవచ్చునను అర్థముగల ఒక పంక్తి చేరుచుండెను. వాడినవాడే ప్రచారకుడైనాడు. ఏడాదిన్నర నిండకముందే వాడుకరుల సంఖ్య కోటికి చేరువైనది.

దీని వెనుక గణితమేమి?

నోటిమాట గణితము

ఒక బొమ్మల అంగడి కబురు మొదట 100 మందికి చేరినదనుకొందము. వారిలో ఒక్కొక్కరు సగటున ఎందరికి దానిని అందించుదురో ఆ సంఖ్యను ‘ర’ అందము. ర విలువ 0.5 అయినచో రెండవ అంచెలో 50 మందికి, మూడవ అంచెలో 25 మందికి, ఇట్లు తగ్గుచు కబురు ఆగిపోవును. ఇది విద్యార్థులెరిగిన గుణశ్రేఢియే. మొత్తము = తొలి సంఖ్య ÷ (1 − ర). ఇచట 100 ÷ 0.5, అనగా 200 మంది.

ఇప్పుడు అంగడివారికి రెండు దారులు కలవు. డబ్బు పెట్టి తొలి సంఖ్యను రెట్టింపు చేసినచో మొత్తము 400 అగును. తొలి సంఖ్యను 100గానే ఉంచి, సరుకు నాణ్యతచేత, నడవడిచేత ర విలువను 0.9కి పెంచినచో మొత్తము 1000 అగును. ర విలువ 1ని దాటినచో కబురు అంచెలంచెలుగా పెరుగుచు పోవును. వినవలసిన క్రొత్తవారు తరిగిపోయినప్పుడు మరల మందగించును. అయోవాలో చూచిన వక్రరేఖ ఇదే. తొలి సంఖ్యను డబ్బుతో కొనవచ్చును. ర విలువను మాత్రము నమ్మకముతో సంపాదించుకొనవలెను. మూలధనము లేని చిన్న అంగడికి సామాజిక మాధ్యమము వరమైనది ఇందుచేతనే.

ఆ వరము కొన్నేండ్లలోనే చేతికి వచ్చినది. 2004 ఫిబ్రవరిలో ఫేస్‌బుక్ పుట్టినది. 2005లో న్యూయార్కులో చేతిపనివారి సరుకుల కొరకే ఎట్సీ అను వెబ్‌సైటు వెలసినది. 2007 నవంబరులో ఫేస్‌బుక్ వ్యాపారులకు ప్రత్యేకముగా పుటలు తెరచుకొను వీలు కల్పించినది. 2010 అక్టోబరులో ఛాయాచిత్రములు పంచుకొను ఇన్‌స్టాగ్రామ్ వచ్చినది. మన దేశమున 2016లో యూపీఐ చెల్లింపులు ఆరంభమైనవి; అదే ఏడాది ఇంటర్నెట్ వెల బాగుగా తగ్గినది. 2018 జనవరిలో చిన్న వ్యాపారుల కొరకు వాట్సాప్ బిజినెస్ వెలువడినది. చీర ఫోటో తీయుట, పంపుట, బేరము, చెల్లింపు అన్నియు ఒక్క ఫోనులోనే జరుగు కాలము వచ్చినది. హైదరాబాదునుండి ఒకరు పంపిన ఫోటో డల్లాసులోని తెలుగు కుటుంబమునకు, అచటనుండి వారి తోటి ఉద్యోగికి చేరుట గ్రానోవెటర్ చెప్పిన వంతెనకు చక్కని ఉదాహరణము.

వీధికి యజమాని

సంతవీధి ఊరి ఉమ్మడి సొత్తు. ఈ కొత్త వీధులు మాత్రము కంపెనీల సొత్తు. మొదట పెట్టిన ఫోటో దాదాపు పెట్టిన వరుసలోనే అనుసరించువారికి కనబడుచుండెను. రాను రాను వార్తలు పెరిగిపోయినవి. ఒక వ్యక్తి ఫేస్‌బుక్ తెరచినప్పుడు సగటున 1500 వార్తలు చూపుటకు సిద్ధముగా ఉండుననియు, వానిలో సుమారు 300 మాత్రమే ఎన్నుకొని చూపుదుమనియు ఆ సంస్థ 2014లో తెలిపినది. ఎన్నిక చేయునది అల్గారిథమ్ అను గణనసూత్రము. 2016లో ఇన్‌స్టాగ్రామ్ కూడ కాలక్రమమును విడిచి ఇట్టి ఎన్నికకు మారినది. 2018 జనవరిలో ఫేస్‌బుక్, వ్యాపారుల వార్తలను తగ్గించి బంధుమిత్రుల వార్తలకు ప్రాధాన్యమిత్తుమని ప్రకటించినది. ఎక్కువమందికి కనబడవలెనన్నచో డబ్బిచ్చి ప్రకటన వేసికొను దారి మాత్రము తెరచియే ఉన్నది.

మన లెక్కలో దీని ఫలితము చూడుడు. ర విలువ 0.9గా ఉన్న అంగడి కబురును యంత్రము ప్రతి అంచెలోను సగముమందికే చూపినదనుకొందము. అప్పుడు ర 0.45 అగును. మొదటి వందమంది అట్లే ఉన్నను మొత్తము 1000నుండి సుమారు 182కు పడిపోవును. బొమ్మ నాణ్యత తగ్గలేదు, చేసినవాని శ్రద్ధ తగ్గలేదు. మారినది కంటికి కనబడని ఒక సూత్రము మాత్రమే. దానిని మార్చుటకు అంగడివారి అనుమతి అక్కరలేదు.

వీధి మొత్తముగా మూతబడుటయు జరిగినది. 2020 జూన్ 29న భారత ప్రభుత్వము దేశభద్రతా కారణములపై టిక్‌టాక్‌తో కూడ 59 యాప్‌లను నిషేధించినది. ప్రభుత్వ నిర్ణయమునకు దాని కారణములు దానికున్నవి. కాని ఆ ఒక్కచోటనే అభిమానులను కూడబెట్టుకొన్నవారికి ఆ కూడిక చేజారినది. 2021 అక్టోబరు 4న ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, వాట్సాప్ మూడును సుమారు ఆరు గంటలపాటు ప్రపంచమంతట ఆగిపోయినవి. మరమ్మతు సమయమున ఇచ్చిన ఒక ఆజ్ఞ పొరబడి, సంస్థ కంప్యూటరు కేంద్రములను కలుపు ప్రధాన మార్గములను తెంపివేసినది. అంతట ఇంటర్నెట్ దారిపటమునుండి ఆ సంస్థ చిరునామాలే తొలగిపోయినవి. ఆ ఆరు గంటలు వానినే నమ్ముకొన్న అంగళ్ళ తలుపులును మూసినట్లే అయినవి.

నమ్మకమునకు నకళ్ళు

విలువగల ప్రతి వస్తువునకు నకలు పుట్టును. నమ్మకమునకును పుట్టినది. కొనని వారిచేత కొన్నట్లు వ్రాయించుట, డబ్బు పుచ్చుకొని సొంత అభిప్రాయమువలె పొగడుట ఇట్టివి. మన దేశమున 2020 జూలైలో వెలువడిన ఈ-కామర్స్ నిబంధనలు, విక్రేత కొనుగోలుదారు వేషము వేసి తన సరుకును తానే మెచ్చుకొనుటను నిషేధించినవి. 2022 నవంబరులో భారతీయ ప్రమాణముల సంస్థ ఆన్‌లైన్ అభిప్రాయములకు ఒక ప్రమాణమును ప్రకటించినది. ప్రతిఫలము పుచ్చుకొని మెచ్చుకొనువారు ఆ సంగతి స్పష్టముగా చెప్పవలెనని 2023 జనవరిలో కేంద్ర వినియోగదారుల వ్యవహారముల శాఖ మార్గదర్శకములు వెలువరించినది.

ఈ చరిత్రనుండి చిన్న అంగడివారు గ్రహింపదగినవి మూడు కలవు. మొదటిది: అనుసరించువారి సంఖ్య ఎక్కి వచ్చుటకంటె, కొన్నవారు మరొకరికి చెప్పుట ముఖ్యము. కనుక ఫోటోలోని రంగే చీరలోను ఉండవలెను. అడిగిన ప్రశ్నకు జవాబు, పాడైన సరుకునకు మార్పు ఆలస్యము లేక అందవలెను. రెండవది: తెలిసినవారి వలయమును దాటించు వంతెనలను వెదకుకొనవలెను. మూడవది: కొనినవారి పేరు, ఫోను సంఖ్య వారి అనుమతితో సొంత పుస్తకములో వ్రాసి ఉంచుకొనవలెను. వీధి యజమాని సూత్రము మార్చినను, వీధియే మూతబడినను, ఆ పుస్తకము అంగడివారి చేతిలో మిగులును.

ఉపాధ్యాయులు దీనిని గణితపు తరగతిలో ఒక అభ్యాసముగా చేయింపవచ్చును. విద్యార్థుల ఇండ్లలో ఎవరైన పచ్చళ్ళో బట్టలో అమ్ముచున్నచో, ఒక నెలలో వచ్చిన కొత్త కొనుగోలుదారులను, ‘మీకెవరు చెప్పినారు?’ అని అడిగించి, ప్రకటన చూచి వచ్చినవారిని, మునుపటి కొనుగోలుదారు చెప్పగా వచ్చినవారిని వేర్వేరుగా లెక్కింపచేయవలెను. ఈ రెండవ సంఖ్యను అంతకు ముందు నెల కొన్నవారి సంఖ్యతో భాగించినచో ఆ అంగడి ‘ర’ విలువ ఉజ్జాయింపుగా తేలును. మూడు నాలుగు నెలలు వరుసగా లెక్కించి గ్రాఫు గీచినచో, ప్రకటనలకు డబ్బు పెట్టవలెనో, సరుకుమీద శ్రద్ధ పెంచవలెనో ఆ ఇంటివారికే తెలియగలదు.