వేదిక ఎవరిది? – జాజ్ సంగీతంలో ‘అక్టోబరు విప్లవం’

సంగీత చరిత్ర అంటే విద్వాంసుల జీవిత చరిత్ర అనుకోవడం మనకు అలవాటు. వారు ఎక్కడ వాయించారు, ఆ వేదిక ఎవరి ఆస్తి, శ్రోత ఇచ్చిన డబ్బు ఎవరి చేతికి పోయింది అన్న ప్రశ్నలు అందులో సాధారణంగా కనపడవు. 1964 అక్టోబరు 1 నుంచి 4 వరకు న్యూయార్కులో జరిగిన సంగీతోత్సవం ఈ ప్రశ్నలనే ముందుకు తెచ్చింది. దాని పేరు ‘జాజ్‌లో అక్టోబరు విప్లవం’.

అమెరికాలో పౌరహక్కుల చట్టం వచ్చి అప్పటికి మూడు నెలలు. అదే జూలైలో హార్లెం నీగ్రో ప్రజ వీధులకెక్కింది. జాజ్ ఆ ప్రజల సృష్టి. కాని క్లబ్బులూ, రికార్డు కంపెనీలూ చాలావరకు తెల్లవారివి. క్లబ్బు యజమానికి సంగీతం మద్యం అమ్మకానికి తోడ్పడే సరుకు. నియమిత లయనూ, ముందే కుదిర్చిన స్వరక్రమాన్నీ విడిచి అప్పటికప్పుడు కలిసి సృష్టించే కొత్త సంగీతం ఆ వ్యాపారానికి పనికిరాలేదు.

అందుచేత ట్రంపెట్ వాద్యకారుడు బిల్ డిక్సన్, 91వ వీధిలోని సెల్లార్ కేఫ్ అనే చిన్న కాఫీ హోటల్లో కచేరీలు ఏర్పాటు చేశాడు. సన్ రా, పాల్ బ్లే, మిల్ఫర్డ్ గ్రేవ్స్ మొదలైనవారు వాయించారు. కచేరీల తర్వాత చర్చాగోష్ఠులు. సెసిల్ టేలర్, ఆర్చీ షెప్ వాటిలో పాల్గొన్నారు. జాజ్ ఆర్థిక వ్యవస్థ కూడా ఒక చర్చనీయాంశమే. శ్రోత కొనుగోలుదారుగా కాక వాదప్రతివాదాలకు సాక్షిగా కూర్చున్నాడు.

మనోధర్మం మనకు కొత్త కాదు. కాని మన విద్వాంసునికి రాగం, తాళం అనే గట్లున్నాయి. వినేవాడికీ అవి తెలుసు. ఇక్కడ ఆ గట్లు లేవు. తోటివాడి నాదాన్ని వింటూ వాద్యకారులు దారి వేసుకోవాలి. దారి తప్పే ప్రమాదాన్ని శ్రోత కూడా పంచుకోవాలి. అలాంటి కచేరీకి ప్రత్యక్షంగా హాజరు కావడమే దాని సృష్టిలో పాలు పంచుకోవడం.

ఉత్సవం తర్వాత డిక్సన్ ప్రభృతులు ‘జాజ్ కంపోజర్స్ గిల్డ్’ స్థాపించారు. క్లబ్బులతో, కంపెనీలతో సమష్టిగా బేరమాడడం దాని ఆశయం. డిసెంబరు 28 నుంచి 31 వరకు జడ్సన్ హాలులో కచేరీలు కూడా జరిపింది. కాని 1965లోనే విచ్ఛిన్నమయింది. ఒంటరి ఒప్పందాల విషయంలో తగాదాలు, నల్ల–తెల్ల సభ్యుల మధ్య అపనమ్మకం, కార్లా బ్లే స్త్రీ కావడంపై ఆక్షేపణ – ఇవన్నీ లోపలినుంచి తొలిచాయి. నాదంలో విప్లవం వచ్చినంత మాత్రాన మనుషుల మధ్య పాత సంబంధాలు మారవు.

ఐతే ప్రయత్నం వృథా కాలేదు. 1965లోనే షికాగో నల్లజాతి సంగీతకారులు తమ సంఘాన్ని స్థాపించి, సొంత రచనలతో సొంత కచేరీలు జరిపారు; పిల్లలకు సంగీత పాఠశాల నడిపారు. ఆ సంఘం నేటికీ ఉంది. కళాకారుని స్వేచ్ఛ అతని వాద్యంలో మాత్రమే లేదు. వేదిక మీద అతనికున్న హక్కులోనూ, ఆ హక్కును నిలబెట్టే సంఘటిత శక్తిలోనూ ఉంది.