టన్నుల బరువును పట్టి నిలిపే చైన్ బ్లాకు

లారీ ఇంజన్‌ను ఛాసిస్ నుంచి పైకి తీయాలన్నా, గొట్టపు బావిలో కాలిపోయిన మోటారును పైపులతో సహా వెలికి లాగాలన్నా, బియ్యం మిల్లులో అరిగిన యంత్రభాగాన్ని దించి కొత్తది బిగించాలన్నా నేటికీ ముందుగా వెతికే పరికరం చైన్ బ్లాకు. కొన్నిచోట్ల దీనిని చైన్ పుల్లీ అని, మరికొన్నిచోట్ల చైన్ కప్పీ అని వ్యవహరిస్తారు. దీనికి విద్యుత్తుతో పని లేదు, డీజిలుతో పని లేదు. ఒక్క మనిషి చేతి గొలుసు లాగుతూ ఉంటే టన్ను బరువు కొద్దికొద్దిగా పైకి లేస్తుంది. లాగడం ఆపితే ఎక్కడిది అక్కడే నిలుస్తుంది.

ఈ రెండో గుణమే అసలైనది. బరువును ఎత్తే సాధనాలు అనాదిగా ఉన్నాయి. చేయి వదిలినా బరువు జారకుండా పట్టి ఉంచడం మాత్రం తరవాతి కాలంలో సాధించిన విద్య. ఆ పట్టు యంత్రంలో ఏ భాగం వల్ల కలుగుతున్నదో, అది ఎప్పుడు తప్పుతుందో తెలుసుకోకుండా ఏళ్ల తరబడి వాడేవారు షెడ్లలోను, పొలాల్లోను కనిపిస్తూనే ఉంటారు.

గిలక లెక్క

బావి గిలక అందరికీ తెలిసినదే. అది బరువును తగ్గించదు, లాగే దిశను మాత్రమే మారుస్తుంది. పదిహేను కిలోల బిందెకు పదిహేను కిలోల బలమూ పెట్టవలసిందే. కిందికి లాగేటప్పుడు మనిషి తన ఒంటి బరువును కూడా వినియోగించుకుంటాడు గనుక పని సుళువుగా తోస్తుంది. అదే గిలకను దూలానికి కాక బరువుకే తగిలించి, తాడు ఒక కొసను దూలానికి కట్టి, రెండో కొసను పైకి లాగితే లెక్క మారుతుంది. బరువు రెండు పాయల మీద పంచుకుంటుంది, సగం బలం చాలుతుంది. అయితే బరువు ఒక అడుగు లేవాలంటే రెండడుగుల తాడు లాగాలి. బలం ఎంత తగ్గితే దూరం అంత పెరగడం అన్నది ఏ యంత్రమూ తప్పించుకోలేని నియమం.

క్రీస్తుపూర్వం మూడో శతాబ్దిలో సిరక్యూస్ నగరవాసి ఆర్కిమిడీస్ కప్పీల సముదాయంతో, సరుకు నిండిన ఓడను ఒక్కడే కూర్చుని లాగాడని ప్లూటార్క్ రాశాడు. ఆ రాత మూడు శతాబ్దాల తరవాతిది గనుక కొంత అతిశయోక్తి ఉంటే ఉండవచ్చు. సూత్రం మాత్రం నిజమే. తాళ్లు, కప్పీలతో కూడిన ఆ పద్ధతికి ఉన్న లోపం ఒక్కటే. లాగేవాడి చేతిలో తాడు జారితే బరువు కూడా జారిపోతుంది.

వెస్టన్ కప్పీ

ఆ లోపాన్ని తీర్చిన సాధనాన్ని ఇంగ్లండులో థామస్ ఆల్డ్రిడ్జ్ వెస్టన్ 1850ల దశకంలో రూపొందించాడు. కొద్దిపాటి తేడా గల రెండు చక్రాలను ఒకే ఇరుసుకు బిగించి, వాటిమీదుగా మొదలు చివర లేని ఒకే గొలుసును తిప్పడం ఇందులోని కిటుకు. పెద్ద చక్రం గొలుసును పైకి లాగుతూ ఉంటే చిన్న చక్రం దాదాపు అంతే గొలుసును కిందికి వదులుతుంది. ఆ రెంటికీ గల తేడాలో సగం మేరకే బరువు లేస్తుంది. పెద్ద చక్రానికి 10 పళ్లు, చిన్నదానికి 9 పళ్లు ఉన్నాయనుకుంటే, రాపిడిని పక్కన పెట్టి చూసినప్పుడు పెట్టిన బలానికి 20 రెట్ల బరువు లేవాలి.

నిజానికి రాపిడిని పక్కన పెట్టడం కుదరదు. ఈ కప్పీలో పెట్టిన శ్రమలో సగానికి పైగా రాపిడికే పోతుంది. చిత్రమేమంటే ఆ నష్టమే దానికి బ్రేకు. రాపిడి అంత ఎక్కువ గనుకనే చేయి వదిలినా బరువు తనంతట తాను కిందికి దిగలేదు. బర్మింగ్‌హామ్ ప్రాంతానికి చెందిన టాంజీ సోదరులు వీటిని తయారుచేసి విక్రయించారు. 1862 లండన్ అంతర్జాతీయ ప్రదర్శనలో అర టన్ను మొదలు మూడు టన్నుల వరకు అయిదు పరిమాణాలలో ఉంచగా పతకం లభించింది.

సగం శ్రమ వృథా కావడం కర్మాగారాలకు నచ్చలేదు. పందొమ్మిదో శతాబ్ది ముగిసేలోగా పళ్లచక్రాలతో కూడిన చైన్ బ్లాకులు వచ్చాయి. నేడు దుకాణాల్లో దొరికేవి దాదాపు అన్నీ ఆ కోవకు చెందినవే. గేర్ల వల్ల రాపిడి తగ్గి పని తేలికయింది. దానితోపాటే వెస్టన్ కప్పీకి సహజంగా ఉన్న పట్టు కూడా పోయింది. రాపిడి తక్కువైన యంత్రంలో బరువు వెనక్కి తిరుగుతుంది. అందువల్ల వేరుగా ఒక బ్రేకు అమర్చక తప్పలేదు. నేటి చైన్ బ్లాకుకు ప్రాణం ఆ బ్రేకే.

డబ్బాలో ఏమున్నది?

చేతి గొలుసు తిప్పే చక్రం ఒక వైపున, పళ్లచక్రాల పెట్టె మరొక వైపున, బరువు గొలుసు నడిచే గుంతల చక్రం మధ్యన ఉంటాయి. బరువు గొలుసు లంకెలు ఆ గుంతల్లో ఖచ్చితంగా కూర్చుంటాయి. చేతి చక్రం ఎన్నో చుట్లు తిరిగితే గాని గుంతల చక్రం ఒక చుట్టు తిరగదు. టన్ను బరువును 30 కిలోల బలంతో ఒక మీటరు ఎత్తాలంటే రాపిడి లేకున్నా 33 మీటర్ల చేతి గొలుసు లాగవలసి ఉంటుంది. రాపిడితో కలిపితే అది 40 మీటర్లు దాటుతుంది. చైన్ బ్లాకు నిదానంగా పనిచేస్తుందని విసుక్కునేవారు గమనించవలసింది ఈ లెక్కనే.

ఇక బ్రేకు. చేతి చక్రం లోపలి రంధ్రానికి మరలు ఉంటాయి. బోల్టు మీద నట్టు తిరిగినట్లుగా అది ఇరుసు మీద తిరుగుతుంది. ఎత్తే దిశలో లాగినప్పుడు చక్రం లోపలికి బిగుసుకుంటూ, రెండు రాపిడి బిళ్లల నడుమ ఉన్న రాచెట్ చక్రాన్ని నొక్కిపడుతుంది. అప్పుడు అన్నీ ఒకే ముద్దగా కలిసి తిరుగుతాయి. రాచెట్ పళ్ల మీద పాల్ అనే చిన్న ఇనుప నాలుక టిక్కుటిక్కుమంటూ జారుతూ ఉంటుంది. చేయి వదలగానే బరువు ఇరుసును వెనక్కి తిప్పబోతుంది. వెంటనే నాలుక పన్నులో పడి రాచెట్‌ను ఆపుతుంది. ఇరుసు వెనక్కి తిరగబోయే ఆ ప్రయత్నమే మరను మరింత బిగించి బిళ్లలను నొక్కుతుంది. అంటే బరువు ఎంత ఎక్కువైతే పట్టు అంత గట్టిపడుతుంది. కిందికి లాగే శక్తినే పైన నిలపడానికి వాడుకున్న ఈ ఏర్పాటును మెచ్చుకోకుండా ఉండలేము.

దించేటప్పుడు గొలుసును ఎదురు దిశలో లాగాలి. మర సడలుతుంది, బిళ్లలు వదులవుతాయి, బరువు రవంత దిగుతుంది. ఆ దిగడంలో ఇరుసు తిరిగి మర మళ్లీ బిగుస్తుంది. సడలడం, బిగియడం వెంటవెంటనే జరుగుతూ బరువు మెల్లగా కిందికి వస్తుంది. అందుకే దించడానికి కూడా గొలుసు లాగుతూనే ఉండాలి.

దీనినిబట్టి మెకానిక్కులు చెవితోనే తెలుసుకోగల పరీక్ష ఒకటున్నది. ఎత్తేటప్పుడు ఆ టిక్కుటిక్కు చప్పుడు వినిపించాలి. వినిపించలేదంటే నాలుక ఇరుక్కుపోయిందనో, దాని స్ప్రింగు విరిగిందనో అర్థం. ఆ స్థితిలో బరువును నిలిపేది ఏదీ లేదు. పని అక్కడే ఆపివేయాలి.

నూనె ఎక్కడ వేయాలి?

గట్టిగా ఉన్న ప్రతి యంత్రానికీ నూనె పోయడం షెడ్లలో అలవాటు. చైన్ బ్లాకు విషయంలో ఆ అలవాటు ప్రాణాంతకం. బరువు గొలుసుకు నూనె రాయాలి. పొడిగా నడిచే గొలుసు లంకెల మధ్య వేగంగా అరిగిపోతుంది. పళ్లచక్రాలకు గ్రీజు పెట్టాలి. రాపిడి బిళ్లలకు మాత్రం నూనె గాని గ్రీజు గాని సోకరాదు. సాధారణ చైన్ బ్లాకుల్లో అవి పొడిగా ఉంటేనే పట్టు. చేతి చక్రం వైపు నుంచి నూనె పోస్తే గొలుసు తేలికగా తిరుగుతుంది, బరువు కూడా అంతే తేలికగా జారుతుంది. వానలో, బురదలో వదిలేసిన బ్లాకులది కూడా ఇదే పరిస్థితి. బిళ్లలు తడిసి, నాలుక తుప్పుపట్టి, ఎత్తిన బరువు కళ్లముందే కొద్దికొద్దిగా దిగుతూ ఉంటుంది. దానిని చిన్న లోపంగా భావించి వాడుక కొనసాగించరాదు.

బోరు దగ్గర బరువు ఎంత?

గ్రామాల్లో చైన్ బ్లాకు ఎక్కువగా కనిపించేది బోరు మోటార్లు తీసేచోట. మూడుకాళ్ల స్టాండు నిలిపి, పైన బ్లాకు తగిలించి, ఒక్కొక్క పైపునే తీస్తూ పోతారు. ఇక్కడ బరువు అంచనా తప్పడం సర్వసాధారణం. రెండంగుళాల జీఐ పైపు మీటరుకు 5 కిలోల వరకు తూగుతుంది. మోటారు పైనున్న వాల్వు నీటిని పోనివ్వకపోతే పైపులో మీటరుకు 2 లీటర్లకు పైగా నీరు నిలిచి ఉంటుంది. 100 మీటర్ల లోతున మోటారు ఉంటే పైపులు, నీరు కలిసే 700 కిలోలు దాటుతాయి. మోటారు, పంపు, కేబుల్ అదనం. టన్ను సామర్థ్యం గల బ్లాకుకు అది ఇంచుమించు నిండు బరువు. హెచ్‌డీపీఈ పైపులైతే ఈ భారం బాగా తగ్గుతుంది.

బోరులో మట్టి కూలి మోటారు పట్టుకుపోయినప్పుడు పరిస్థితి వేరు. అప్పుడు బ్లాకు మోస్తున్నది మోటారు బరువును మాత్రమే కాదు, దానిని పట్టుకున్న నేల బిగువును కూడా. ఆ బిగువు ఎంతో కొలిచే సాధనం అక్కడ ఉండదు. ఒక్కరు లాగితే కదలకపోయేసరికి ఇద్దరు, ముగ్గురు చేతి గొలుసుకు వేలాడుతారు. గేర్లు వారి బలాన్ని ముప్పై నలభై రెట్లు చేసి గొలుసు మీద వేస్తాయి. తెగేది గొలుసో, విప్పుకునేది కొక్కెమో, జారేది స్టాండు కాలో ముందుగా చెప్పలేము. టన్ను, రెండు టన్నుల బ్లాకులకు పాత మేస్త్రీలు పాటించే కట్టుబాటు సరైనదే: ఒక్కరు లాగలేనిదాన్ని ఇద్దరు లాగకూడదు. లాగుడు బరువైందంటే హద్దు దాటినట్టే.

స్టాండు కాళ్ల అడుగుభాగాలను ఒకదానికొకటి గొలుసుతోనో తాడుతోనో కట్టకపోతే బరువు పెరిగిన కొద్దీ అవి బయటికి జారుతాయి. మెత్తని నేలలో అయితే కాళ్ల కింద పలకలు వేయాలి. పైపు విప్పే ముందు కింది పైపును కేసింగు మూతి వద్ద క్లాంపుతో పట్టించాకే బ్లాకు కొక్కెం తీయాలి. కాదంటే ఉన్న పైపులన్నీ మోటారుతో సహా బోరులోకే పోతాయి.

గొలుసు, కొక్కెం

బరువు గొలుసు మామూలు ఇనుప గొలుసు కాదు. గుంతల్లో సరిగ్గా కూర్చునేలా కొలత తప్పకుండా చేసి, వేడితో గట్టిపరచిన మిశ్రలోహపు ఉక్కు గొలుసు అది. తెగినచోట వెల్డింగు పెట్టి అతికించడం, బోల్టు వేసి కలపడం పెద్ద తప్పిదాలు. వెల్డింగు వేడికి ఆ లంకె గట్టిదనం పోతుంది. లంకెల కడ్డీ మందం పదో వంతు అరిగినా, లంకెలు సాగి గుంతల్లో సరిగా పడక ఎగిరిపడుతున్నా గొలుసు మార్చవలసిందే. ఆ గొలుసునే బరువు చుట్టూ చుట్టి కొక్కెం తగిలించడం షెడ్లలో తరచూ కనిపించే దురలవాటు. బరువుకు వేరే స్లింగు వేసి, దానిని కొక్కెం అడుగున కూర్చోబెట్టాలి. కొక్కెం కొనకు తగిలిస్తే అది విప్పుకుంటుంది. నోరు తెరుచుకున్న కొక్కెం ఎప్పుడో మోయరాని బరువు మోసిందనడానికి సాక్ష్యం. దానిని సుత్తితో కొట్టి మూయడం వల్ల పోయిన బలం తిరిగి రాదు.

రెండు పాయల గొలుసు గల బ్లాకుల్లో మరొక చిక్కున్నది. కింది కొక్కెపు దిమ్మ గొలుసు పాయల మధ్య నుంచి పల్టీ కొడితే గొలుసు మెలిపడుతుంది. చూడటానికి చిన్న మెలికే అయినా లంకెలు గుంతల్లో అడ్డంగా పడి విరిగే ప్రమాదమున్నది. ఎత్తే ముందు ఒకసారి గొలుసు పొడవునా చూపు సారిస్తే చాలు, ఇది తెలిసిపోతుంది. బరువు బ్లాకుకు సూటిగా కింద ఉండాలి. పక్కనున్న వస్తువును ఏటవాలుగా ఈడ్వడానికి ఇది పనికిరాదు. ఎత్తిన బరువు కింద మనిషి దూరడం ఎంత నమ్మకమైన బ్లాకుతోనైనా కూడదు. ఇంజన్ కింద పని చేయవలసివస్తే ముందు దానిని స్టాండ్ల మీదకు దించాలి.

చట్టం, ప్రమాణాలు

చేతితో నడిచే చైన్ బ్లాకులకు భారతీయ ప్రమాణం ఐఎస్ 3832. 1948 కర్మాగారాల చట్టం 29వ సెక్షన్ ప్రకారం ఎత్తుడు యంత్రాలు, గొలుసులను ఏడాదికి ఒకసారైనా అర్హుడైన నిపుణుడు క్షుణ్ణంగా పరీక్షించాలి. మోయదగిన బరువు వాటిమీద స్పష్టంగా రాసి ఉండాలి, దానిని మించి ఎత్తరాదు. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన 2020 నాటి వృత్తిభద్రత, ఆరోగ్య, పని పరిస్థితుల నియమావళి ఆ చట్టం స్థానాన్ని తీసుకుంది. రోడ్డు పక్క షెడ్డుకు, పొలంలోని బోరుకు ఏ తనిఖీ అధికారీ రాడు. అక్కడ పరీక్షించవలసింది వాడేవారే.

కొత్తది కొనేటప్పుడు ఎత్తు సంగతి అడగాలి. సాధారణంగా 3 మీటర్ల ఎత్తుకు సరిపడే గొలుసుతో ఇస్తారు. 6 మీటర్ల పైపులు తీయవలసిన బోరు పనికి అది చాలదు గనుక ఎక్కువ పొడవు కోరి తీసుకోవాలి. పాతవి చవకగా దొరుకుతాయి. సామర్థ్యం తెలిపే పలక ఊడిపోయినదాన్ని, అంకె చెరిగిపోయినదాన్ని ఎంత తక్కువకిచ్చినా కొనరాదు. పలక ఉన్నా సరే, మోయదగిన బరువులో సగం మేరకు ఏదైనా తగిలించి, అడుగెత్తు లేపి, కొక్కెం అంచు ఎదురుగా గోడ మీద సుద్దతో గీత గీసి పావుగంట ఆగి చూడాలి. కొక్కెం ఆ గీత కన్నా కిందికి దిగి ఉంటే బ్రేకు పోయినట్టే.