అమెరికా మాధ్యమాల్లో వలసదారుల బహిష్కరణ: చిత్రణ చరిత్ర

అమెరికాలో సరైన పత్రాలు లేకుండా ఉంటున్నవారిని ప్రభుత్వం పట్టుకోవడం, నిర్బంధించడం, స్వదేశాలకు తిప్పి పంపడం కొత్త విషయం కాదు. వాటిని పత్రికలు, రేడియో, సినిమా, టెలివిజన్, సామాజిక మాధ్యమాలు చూపుతూ వచ్చిన తీరుకు కూడా శతాబ్దానికి పైబడిన చరిత్ర ఉంది. ఆ చరిత్రలో రెండు పాయలు కనిపిస్తాయి. మొదటిది, వలస అధికారులు విలేకరులను పిలిపించుకుని, ఇటీవలి కాలంలో తామే కెమెరా పట్టుకుని, బహిష్కరణను ప్రదర్శనగా మార్చడం. రెండోది, ఆ ప్రదర్శనలో గుంపుగా, అంకెగా మిగిలిపోయిన మనుషుల పేర్లను, ఊళ్లను, కుటుంబాలను వెతికి చెప్పడం. మొదటిది ఎప్పుడూ వేగంగా వ్యాపించింది. రెండోది తరచు ఆలస్యంగా వచ్చింది, కానీ చరిత్రకు సాక్ష్యంగా నిలిచింది.

పరిభాష

ఈ వార్తల్లో వాడే మాటల చుట్టూ ఎంతో వాదన నడిచింది. ఇరవయ్యో శతాబ్ది మధ్యలో అమెరికా పత్రికలు మెక్సికో కూలీలను ‘వెట్‌బ్యాక్’ అని రాసేవి. రియో గ్రాండే నది ఈది వచ్చి వీపు తడిసినవాడని ఆ మాటకు అర్థం. ఆ తిట్టుమాటే 1954లో ఒక ప్రభుత్వ కార్యక్రమానికి పేరైంది. తర్వాతి దశాబ్దాల్లో ‘ఇల్లీగల్ ఏలియన్’, ‘ఇల్లీగల్ ఇమిగ్రెంట్’ అన్న మాటలు స్థిరపడ్డాయి. చేసిన పని చట్టవిరుద్ధం కావచ్చు గానీ మనిషే చట్టవిరుద్ధం కాడన్న వాదనతో 2010లో ‘డ్రాప్ ది ఐ-వర్డ్’ ఉద్యమం మొదలైంది. 2013 ఏప్రిల్ 2న అసోసియేటెడ్ ప్రెస్ తన శైలి పుస్తకాన్ని సవరించి, మనుషుల ముందు ‘ఇల్లీగల్’ అన్న విశేషణం వాడకూడదని విలేకరులకు సూచించింది.

తెలుగు పత్రికల్లో ‘అక్రమ వలసదారులు’ అన్నదే ఎక్కువగా వాడుకలో ఉంది. గల్ఫ్ దేశాల్లో యజమానిని విడిచి వచ్చి, వీసా అండ లేకుండా మిగిలిపోయిన కార్మికులను తెలంగాణ పల్లెల్లో ‘కల్లివెల్లి’ అంటారు. ‘వదిలెయ్, పోనీ’ అనే అర్థమున్న అరబ్బీ మాట నుంచి అది వచ్చింది. ఆ మాటలో నేరారోపణ లేదు, దిక్కులేనితనం మాత్రమే ఉంది.

తొలి దశ

1882 నాటి చైనీయుల నిషేధ చట్టానికి ముందూ వెనకా శాన్‌ఫ్రాన్సిస్కో వ్యంగ్య పత్రిక ‘వాస్ప్’ చైనా వలసదారులను దేశానికి ముంచుకొచ్చే ముప్పుగా రంగుల బొమ్మల్లో గీసింది. చైనా కూలీలు నివాస ధ్రువపత్రం దగ్గర ఉంచుకోవాలని, లేనివారిని దేశం దాటించవచ్చని 1892లో గేరీ చట్టం చెప్పింది. చట్టానికి కావలసిన భయాన్ని బొమ్మలు ముందే సిద్ధం చేసి పెట్టాయి.

1919 డిసెంబరు 21న న్యూయార్క్ రేవు నుంచి ‘బ్యూఫోర్డ్’ అనే ఓడ 249 మందిని రష్యా వైపు తీసుకెళ్లింది. వారిలో అరాచకవాద రచయిత్రి ఎమ్మా గోల్డ్‌మన్ ఉన్నారు. పత్రికలు ఆ నౌకకు ‘సోవియట్ ఆర్క్’ అని పేరుపెట్టి ఉత్సాహంగా రాశాయి. ఆ తర్వాత కార్మిక శాఖలో తాత్కాలిక కార్యదర్శిగా ఉన్న లూయిస్ ఎఫ్. పోస్ట్ ఒక్కో దస్త్రాన్నీ చదివి, ఆధారాలు లేని బహిష్కరణ వారెంట్లను వేల సంఖ్యలో రద్దు చేశారు. పత్రికలు గుంపును చూసినచోట ఆయన విడివిడి మనుషులను చూశారు. ఆనాటి ఉన్మాదాన్ని 1923లో పుస్తకంగా రాశారు.

లా ప్లాసిటా, 1931

ఆర్థిక మాంద్యం రోజుల్లో మెక్సికన్లను పంపించివేయడానికి లాస్ ఏంజెలెస్ అధికారులు పత్రికలనే సాధనంగా వాడుకున్నారు. అందరినీ పట్టుకునే బలగం వారికి లేదు. అందుకని నిరుద్యోగ సహాయ సమన్వయకర్త చార్లెస్ విసెల్ ఒక పథకం వేశారు. కొన్ని అరెస్టులు చేస్తూ, వాటి గురించి ముందుగానే పత్రికల్లో చాటింపు వేస్తే, మిగిలినవారు భయపడి తామే వెళ్లిపోతారన్నది దాని సారం. 1931 ఫిబ్రవరి 26న నగరం నడిబొడ్డున ఉన్న లా ప్లాసిటా పార్కును అధికారులు చుట్టుముట్టి, సుమారు 400 మందిని బయటికి కదలనీయకుండా పత్రాలు అడిగారు. చివరికి నిర్బంధించింది కొద్దిమందినే, కానీ కబురు ఇంటింటికీ పాకింది. స్పానిష్ దినపత్రిక ‘లా ఒపీనియన్’ మాత్రం పార్కులో చిక్కుకున్నవారి వైపు నుంచి రాసింది. ఆ దశకంలో లక్షలాది మెక్సికన్లు దేశం విడిచారు. వారిలో అమెరికాలోనే పుట్టిన పౌరులూ ఎందరో ఉన్నారు. ఇందుకు కాలిఫోర్నియా రాష్ట్రం 2005లో చట్టపూర్వకంగా క్షమాపణ చెప్పింది.

లాస్ గాటోస్ విమాన ప్రమాదం, 1948

1948 జనవరి 28న కాలిఫోర్నియాలోని లాస్ గాటోస్ లోయలో ఒక విమానం కూలి 32 మంది చనిపోయారు. వారిలో 28 మంది, స్వదేశానికి పంపుతున్న మెక్సికో వ్యవసాయ కూలీలు. మిగిలిన నలుగురు విమాన సిబ్బంది, వలస శాఖ అధికారి. దేశమంతా వెళ్లిన వార్తల్లో ఆ నలుగురికే పేర్లు దక్కాయి. కూలీలు ‘డిపోర్టీలు’గానే మిగిలారు. ఫ్రెస్నోలో వారిని ఒకే గోతిలో పూడ్చారు. ఆ వార్త విని మనసు కలత చెందిన గాయకుడు వుడీ గత్రీ ఒక గీతం రాశారు. దశాబ్దం తర్వాత మార్టిన్ హాఫ్‌మన్ అనే ఉపాధ్యాయుడు దానికి బాణీ కట్టగా, పీట్ సీగర్ పాడి ప్రచారంలోకి తెచ్చారు. ఒక వార్తలోని లోపం మీద పుట్టిన పాట, ఆ వార్త కంటే ఎక్కువ కాలం బతికింది.

రచయిత టిమ్ జెడ్. హెర్నాండెజ్ ఏళ్ల తరబడి దస్త్రాలు తిరగేసి, మృతుల పేర్లను సేకరించారు. ఆనాడే ‘ఎల్ ఫారో’ అనే స్పానిష్ పత్రిక ఆ పేర్లను అచ్చువేసిందని ఆయన అన్వేషణలో తేలింది. 2013 సెప్టెంబరు 2న ఆ సమాధి మీద 28 పేర్లూ చెక్కిన రాయి వెలిసింది.

జనరల్ స్వింగ్ ప్రదర్శన, 1954

1954 వేసవిలో వలస శాఖ కమిషనర్‌గా ఉన్న మాజీ సైనికాధికారి జోసెఫ్ స్వింగ్ ‘ఆపరేషన్ వెట్‌బ్యాక్’ నడిపారు. రోడ్ల మీద అడ్డంకులు, విమానాలు, లారీలు, రైళ్లు, వాటి వెంట విలేకరులు. బలగం ఎంత చిన్నదో కనపడకుండా, చేసేది సైనిక చర్యలా కనపడేలా ఏర్పాట్లు జరిగాయి. పది లక్షలకు పైగా మెక్సికన్లు వెళ్లిపోయారని శాఖ ప్రకటించింది. ఆ లెక్క బాగా పెంచి చెప్పిందని చరిత్రకారులు తర్వాత తేల్చారు. కెల్లీ లైటిల్ హెర్నాండెజ్ 2010లో ప్రచురించిన ‘మిగ్రా!’ గ్రంథంలో ఈ ప్రచారపు కోణాన్ని వివరించారు. అయినా ఆనాటి పత్రికలు అచ్చువేసిన అంకే దశాబ్దాల పాటు రాజకీయ ప్రసంగాల్లో తిరిగింది.

‘దండయాత్ర’ ఉపమానం

1970లలో దేశానికి ‘దండయాత్ర’ జరుగుతోందన్న భాష వార్తాపత్రికల్లో సాధారణమైంది. వలస శాఖ కమిషనర్ లియోనార్డ్ చాప్‌మన్ స్వయంగా 1976లో ‘రీడర్స్ డైజెస్ట్’లో, ఇక ఆపాలంటూ వ్యాసం రాశారు. 1965 నుంచి 1999 వరకు వెలువడిన పత్రికల ముఖచిత్రాలను పరిశీలించిన మానవశాస్త్రవేత్త లియో చావెజ్, వరదలు, దండయాత్రలు వంటి ఉపమానాలు ఎలా మళ్లీ మళ్లీ వచ్చాయో ‘కవరింగ్ ఇమిగ్రేషన్’ గ్రంథంలో చూపారు.

ఆ భాషకు పరాకాష్ఠ 1994లో కాలిఫోర్నియా గవర్నర్ పీట్ విల్సన్ ఎన్నికల ప్రకటన. సరిహద్దు దగ్గర జాతీయ రహదారి మీద వాహనాల మధ్య పరుగెత్తుతున్న జనం మసక దృశ్యాల మీద, వాళ్లు వస్తూనే ఉన్నారని గంభీరమైన గొంతు చెబుతుంది. పత్రాలు లేనివారికి బడి, వైద్యం నిరాకరించే 187వ ప్రతిపాదన ఆ ఏడాదే ఓటింగులో నెగ్గింది. కోర్టులు దాన్ని అమలు కానివ్వలేదు.

సినిమా మరో దారి పట్టింది. గ్రెగరీ నావా 1983లో తీసిన ‘ఎల్ నోర్తె’ గ్వాటెమాలా అన్నాచెల్లెళ్ల ప్రయాణాన్ని వారి కళ్లతోనే చూపింది. 1987లో వచ్చిన ‘బోర్న్ ఇన్ ఈస్ట్ ఎల్.ఏ.’, అమెరికా పౌరుడినే పొరపాటున మెక్సికోకు పంపిన వైనాన్ని హాస్యంగా మలిచింది.

ఒక్క ఛాయాచిత్రం బలం, బలహీనత

2000 ఏప్రిల్ 22 తెల్లవారుజామున మయామీలో క్యూబా బాలుడు ఎలియన్ గోంజాలెజ్‌ను తండ్రి దగ్గరికి తీసుకెళ్లడానికి సాయుధ అధికారులు ఇంట్లో జొరబడ్డారు. తుపాకీ ముందు బెదిరిపోయిన పిల్లవాడిని అసోసియేటెడ్ ప్రెస్ ఛాయాగ్రాహకుడు అలన్ డియాజ్ బంధించిన చిత్రానికి పులిట్జర్ బహుమతి వచ్చింది. అదే రోజు తండ్రి ఒడిలో నవ్వుతున్న పిల్లవాడి చిత్రమూ విడుదలైంది. ఏ చిత్రాన్ని ముందు వేయాలన్న నిర్ణయంతోనే ఏ కథ చెప్పాలన్నదీ తేలిపోయింది.

2018 జూన్‌లో టెక్సస్ సరిహద్దు దగ్గర ఏడుస్తున్న హోండూరస్ పాపను జాన్ మూర్ తీసిన చిత్రం, పిల్లలను తల్లిదండ్రుల నుంచి విడదీసే విధానానికి ప్రతీకగా ప్రపంచమంతా తిరిగింది. ‘టైమ్’ ముఖచిత్రంలో ఆ పాప అధ్యక్షుడు ట్రంప్ ఎదుట నిలబడింది. ఆ పాపను తల్లి నుంచి విడదీయలేదని తర్వాత తేలింది. అంతమాత్రాన విధానం అబద్ధం కాలేదు. వేలమంది పిల్లలు నిజంగానే విడిపోయారు, నిర్బంధ కేంద్రంలో వారి ఏడుపును ‘ప్రోపబ్లికా’ వినిపించింది కూడా. కానీ ఒక్క తప్పు వ్యాఖ్య, నిజాన్ని కాదనాలనుకున్నవారి చేతికి ఆయుధమైంది. 2021లో డెల్ రియో దగ్గర గుర్రాల మీది అధికారులు హైతీయులను తరిమిన చిత్రాల విషయంలోనూ ఇదే జరిగింది. కళ్లేలను కొరడాలని చాలామంది పొరబడ్డారు. కళ్లేలతో కొట్టిన ఆధారం లేదని, అనవసర బలప్రయోగం మాత్రం జరిగిందని 2022లో విచారణ తేల్చింది.

ఇదే కాలంలో నిదానంగా జరిగిన పరిశోధన ఎక్కువ ఫలించింది. 2008 మే 12న అయోవాలోని పోస్ట్‌విల్ మాంసం కర్మాగారంపై దాడిలో 389 మంది అరెస్టయ్యారు. కోర్టు దుబాసీగా పనిచేసిన ఎరిక్ కమాయ్డ్-ఫ్రెయిక్సాస్, నేరం ఏమిటో అర్థంకాని కూలీలు ఎలా తలొంచి ఒప్పుకున్నారో బయటపెట్టారు. 2020లో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చిన ‘ఇమిగ్రేషన్ నేషన్’ అధికారుల వెంటే తిరిగి తీసిన డాక్యుమెంటరీ.

తెలుగు విద్యార్థులు వార్తలైన వేళ

2011 జనవరిలో కాలిఫోర్నియాలోని ట్రైవ్యాలీ విశ్వవిద్యాలయం బూటకమంటూ అధికారులు మూసివేశారు. అక్కడి విద్యార్థుల్లో అత్యధికులు భారతీయులు, వారిలో ఎక్కువమంది నాటి ఆంధ్రప్రదేశ్ వారు. కొందరి కాళ్లకు రేడియో ట్యాగులు తగిలించారన్న వార్త మన దేశంలో ఆగ్రహం రేపింది, కేంద్రం అభ్యంతరం చెప్పింది. సంస్థ యజమానికి 2014లో పదహారేళ్లకు పైగా జైలుశిక్ష పడింది.

2019 జనవరి 30న డెట్రాయిట్ శివార్లలోని ఫార్మింగ్టన్ విశ్వవిద్యాలయం గుట్టు బయటపడింది. దాన్ని నడిపింది రహస్య ప్రభుత్వ అధికారులే. తరగతులు లేవు, అధ్యాపకులు లేరు. తొలి విడతలో నిర్బంధించిన 130 మందిలో 129 మంది భారతీయులు, వారిలో చాలామంది తెలుగు రాష్ట్రాల పిల్లలు. దళారులుగా అభియోగం ఎదుర్కొన్న ఎనిమిది మందిలోనూ తెలుగువారే ఎక్కువ. తెలిసే చేరారని ప్రాసిక్యూటర్లు, ప్రభుత్వమే వల పన్నిందని న్యాయవాదులు వాదించారు. అమెరికా పత్రికల్లో ఇది వీసా మోసం, తెలుగు వార్తల్లో ఇది ఇంటింటి కలత. రెండింటిలోనూ కొంత నిజం ఉంది. అప్పు చేసి పిల్లలను పంపిన ఇళ్లకు ముందుగా అవసరమైన సమాచారం మాత్రం రెండింటిలోనూ ఆలస్యంగానే వచ్చింది.

2025: ప్రభుత్వం చేతిలో కెమెరా

2025 ఫిబ్రవరి 5న అమెరికా సైనిక విమానం 104 మంది భారతీయులతో అమృత్‌సర్‌లో దిగింది. గుజరాత్, హర్యానాల నుంచి 33 మంది చొప్పున, పంజాబ్ నుంచి 30 మంది ఉన్నారు. తెలుగు రాష్ట్రాలవారు లేరు. చేతులకు బేడీలు, కాళ్లకు గొలుసులతో సుదీర్ఘ ప్రయాణం చేయించారని దిగినవారు చెప్పారు. అప్పటికే వ్యాపించిన ఒక ఫొటో గ్వాటెమాలా వారిదని భారత ప్రభుత్వ సమాచార సంస్థ తేల్చింది. కానీ ఆ ఫొటో తప్పయినా, జరిగింది మాత్రం అబద్ధం కాదు. బోర్డర్ పట్రోల్ అధిపతి మైకేల్ బ్యాంక్స్ భారతీయుల సంకెళ్లను చూపే వీడియోను స్వయంగా ‘ఎక్స్’లో పెట్టారు. మర్నాడు రాజ్యసభలో విదేశాంగ మంత్రి జైశంకర్, ఇలా పంపడం కొత్త కాదంటూ 2009లో 734 మంది, 2019లో 2,042 మంది తిరిగివచ్చారన్న లెక్కలు ఇచ్చారు. సంకెళ్ల నిబంధన 2012 నుంచి ఉందని చెప్పారు.

మోదీ సంకెళ్లతో ట్రంప్ పక్కన కూర్చున్నట్లు కార్టూన్ వేసిన తమిళ పత్రిక ‘వికటన్’ వెబ్‌సైట్‌ను ఫిబ్రవరిలో అడ్డుకున్నారు. మద్రాసు హైకోర్టు ఆదేశంతో, కార్టూన్‌ను తాత్కాలికంగా తొలగించాక, అది తిరిగి తెరుచుకుంది. ఫిబ్రవరి 18న వైట్‌హౌస్ గొలుసుల చప్పుడును వినోదంగా వినిపించే వీడియో పెట్టింది.

మార్చి మధ్యలో 238 మంది వెనిజులా వాసులను ఎల్ సాల్వడార్‌లోని ‘సెకోట్’ కారాగారానికి తరలించారు. తలలు గొరిగించి, నడుములు వంచి నడిపించే దృశ్యాలను ఆ దేశాధ్యక్షుడు బుకేలే సినిమాలా కూర్చి విడుదల చేశారు. ఎవరి పేరూ ప్రభుత్వం ప్రకటించలేదు. మార్చి 20న సీబీఎస్ న్యూస్ ప్రభుత్వ అంతర్గత జాబితాను సంపాదించి 238 పేర్లనూ ప్రచురించింది. ఏప్రిల్‌లో ‘60 మినిట్స్’ కార్యక్రమం, వారిలో నాలుగింట మూడొంతుల మందికి నేరచరిత్ర ఉన్నట్లు తమకు దొరకలేదని తెలిపింది. జూలై 18న ఖైదీల మార్పిడిలో వారు వెనిజులా చేరుకుని, తమకు జరిగింది తామే చెప్పుకున్నారు.

లాస్ గాటోస్‌లో పేర్లు రాతి మీదికి ఎక్కడానికి 65 ఏళ్లు పట్టింది. సెకోట్‌కు పంపినవారి పేర్లు ఒక వారంలోపే బయటికి వచ్చాయి. కారాగారంలో ఉన్న కొడుకును వీడియోలో వెతుక్కుంటున్న తల్లికి, ఆ జాబితాలోని ఒక వరుసే తొలి నిజమైన కబురు.