రహీం సాబ్ పదమూడేళ్లు

ఖిల్లా ఘణపూర్ లాంటి ఊళ్లలో పిల్లల ఆటంతా పీఈటీ సారు చేతిలోనే ఉంటుంది. ఆయనకు బదిలీ అయితే జట్టు గతేమిటన్న బెంగ సహజం. ఒక కోచ్ ఒకే జట్టుతో ఎన్నాళ్లు ఉంటే మేలన్నది ప్రపంచమంతటా నలుగుతున్న ప్రశ్నే. హంగరీ కోచ్ బేలా గుట్‌మన్ మూడో సీజనే గండమనేవాడు. బెన్ఫికాకు 1961, 1962లో యూరోపియన్ కప్పులు గెలిపించి, వెంటనే తప్పుకున్నాడు.

మన హైదరాబాద్ చరిత్ర అందుకు ఎదురు నిలుస్తుంది. సయ్యద్ అబ్దుల్ రహీం వృత్తిరీత్యా బడిపంతులు. 1943 నుంచి హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘం కార్యదర్శి. 1950లో సిటీ పోలీస్ జట్టు శిక్షణ చేపట్టి, చనిపోయేదాకా, అంటే 1963 వరకు, వదల్లేదు. 1950 నుంచి 1954 దాకా బొంబాయి రోవర్స్ కప్పు ఏటా ఆ జట్టుదే. 1957లో మళ్లీ గెలిచారు. 1962లో ఈస్ట్ బెంగాల్‌తో పంచుకున్నారు.

ఇన్నేళ్లు ఆయన మాట ఎందుకు చెల్లింది? నా దృష్టిలో మొదటి కారణం, కోచ్ మారలేదు గానీ జట్టు మారుతూ వచ్చింది. కలకత్తా క్లబ్బులు మన కుర్రాళ్లను తీసుకుపోతుండేవి. సికింద్రాబాద్ అమ్ముగూడ కుర్రాడు తులసీదాస్ బలరాం కూడా 1957లో ఈస్ట్ బెంగాల్‌కు వెళ్లిపోయాడు. నూర్ మహమ్మద్, అజీజుద్దీన్‌ల తరం తర్వాత యూసుఫ్ ఖాన్ తరం వచ్చింది. పాత పాఠం కొత్తవాళ్లకు కొత్తదే.

రహీం సాబ్ పాఠం కూడా ఒక్కచోట ఆగలేదు. బలహీనమైన కాలు బలపడాలని ఆ కాలితోనే ఆడే పోటీలు పెట్టారు. బంతిని కాళ్ల దగ్గరే తిప్పుకోవడం మానాలని డ్రిబ్లింగ్ నిషేధించిన పోటీలూ పెట్టారు. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10-1తో ఓడిన దేశజట్టుకూ ఆయనే కోచ్. ఐరోపా ఆటతీరును గమనించి 4-2-4 కూర్పు తెచ్చారు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, 1962 జకార్తాలో క్యాన్సర్‌తో ఉండగానే దక్షిణ కొరియాపై 2-1తో ఆసియా క్రీడల స్వర్ణం.

వ్యక్తిగత క్రీడల్లో లెక్క వేరు. బ్యాడ్మింటన్‌నే చూడండి. 2008లో హైదరాబాద్‌లో గోపీచంద్ అకాడమీ మొదలైంది. సైనా నెహ్వాల్ 2014లో గోపీచంద్‌ను వదిలి 2017లో తిరిగొచ్చింది. టోక్యో ఒలింపిక్స్ కాంస్యం నాటికి పి.వి. సింధు కోచ్ పార్క్ తే సాంగ్. అక్కడ తరం మారేది కాదు, క్రీడాకారిణే కోచ్‌ను మార్చుకుంటుంది.

1963 జూన్ 11న రహీం కన్నుమూశారు. ఆయన పోయాక కూడా ఇక్కడి ఆట ఆగలేదు: 1965-66లో ఆంధ్రప్రదేశ్ జట్టు రాష్ట్రాల మధ్య జరిగే సంతోష్ ట్రోఫీ గెలిచింది.